మోచేతిలో చీము, కాగితంపై 'వాపు': డిశ్చార్జి సమ్మరీలోని ఆ చిన్న కోడ్‌తో మీ క్లెయిమ్‌కు ఏం సంబంధం?

మోచేయి ఎర్రగా వాచింది. జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో చేరితే చీము తీసి, మూడు రోజులు నరం ద్వారా యాంటీబయాటిక్స్ ఇచ్చి ఇంటికి పంపారనుకుందాం. చేతికొచ్చిన డిశ్చార్జి సమ్మరీలో 'డయాగ్నసిస్' అన్న చోట 'బర్సైటిస్, ఎల్బో' అని రెండే మాటలున్నాయి. చీము ప్రస్తావన లేదు, ఇన్ఫెక్షన్ అన్న మాటా లేదు. బీమా క్లెయిమ్ ఫారంలో దాని పక్కన 'ఎం70.2' అని ఒక కోడ్ ఉంది.

నొప్పి తగ్గింది కాబట్టి ఆ రెండు మాటలను మీరు పట్టించుకోకపోవచ్చు. కానీ బీమా కంపెనీలో మీ ఫైలు తెరిచే ఉద్యోగి మీ మోచేయిని చూడరు. ఆ మాటలను, ఆ కోడ్‌ను చూస్తారు. ఎం70.2 అంటే రాపిడి వల్లో, ఒత్తిడి వల్లో వచ్చిన మోచేతి వాపు. మామూలుగా విశ్రాంతితో, మాత్రలతో తగ్గేది. 'దీనికి మూడు రోజులు ఆసుపత్రిలో ఎందుకున్నారు?' అన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

అదే జబ్బును 'ఇన్ఫెక్టివ్ బర్సైటిస్' అని రాసి ఉంటే కోడ్ ఎం71.1 అయ్యేది. చీము ఎందుకు తీశారు, ఐవీ మందులు ఎందుకు ఇచ్చారు అన్నదానికి కాగితమే సమాధానం చెప్పేది. ఈ తేడా ఎక్కడ వస్తుంది, మీరు దాన్ని ఎక్కడ పట్టుకోవచ్చు అన్నదే ఈ వివరణ.

అసలు బర్సా అంటే ఏమిటి?

ఎముకకూ చర్మానికీ మధ్య, ఎముకకూ కండరానికీ మధ్య రాపిడి పడకుండా ఒంట్లో అక్కడక్కడా పల్చటి సంచులుంటాయి. వాటిలో కొద్దిగా జిగట ద్రవం ఉంటుంది. ఈ సంచినే బర్సా అంటారు. ఒంట్లో ఇలాంటివి వందకు పైగానే ఉంటాయి. మోచేతి కొన దగ్గర, మోకాటి చిప్ప ముందు ఉండేవి చర్మానికి బాగా దగ్గర. అందుకే దెబ్బలు, గీతలు ఎక్కువగా వీటికే తగులుతాయి.

ఈ సంచి వాస్తే బర్సైటిస్. టైల్స్ వేసేవాళ్లకు, మోకాళ్ల మీద కూర్చుని ఇల్లు తుడిచేవాళ్లకు మోకాలి దగ్గర, రోజంతా మోచేతులు బల్లకు ఆనించి పనిచేసేవాళ్లకు మోచేతి దగ్గర ఇది వస్తుంటుంది. ఇది రాపిడి వల్ల వచ్చే రకం.

రెండో రకం వేరు. బండి జారి పడినప్పుడు మోచేయి గీరుకుపోతుంది. ఆ గాయంలోంచి చర్మం మీద ఉండే బ్యాక్టీరియా లోపలికి వెళ్లి సంచిలో చీము పట్టిస్తుంది. ఎక్కువ కేసుల్లో కారణం స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. షుగర్ ఉన్నవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లకు ముప్పు ఎక్కువ. దీన్ని వదిలేస్తే ఇన్ఫెక్షన్ చుట్టుపక్కలకు, రక్తంలోకి పాకే ప్రమాదం ఉంది.

చిక్కేమిటంటే పైకి చూస్తే రెండూ ఒకేలా ఉండొచ్చు. గౌట్ వల్ల వచ్చిన వాపు కూడా ఎర్రగా, వేడిగానే ఉంటుంది. అందుకే అనుమానం ఉన్నప్పుడు డాక్టర్లు సూదితో ఆ ద్రవం తీసి ల్యాబ్‌కు పంపుతారు. అందులో తెల్ల రక్తకణాలు ఎన్ని ఉన్నాయి, గ్రామ్ స్టెయిన్‌లో బ్యాక్టీరియా కనిపించిందా, కల్చర్‌లో ఏం పెరిగింది, గౌట్ స్ఫటికాలున్నాయా అని చూస్తారు. మీ కాగితం మీద 'ఇన్ఫెక్టివ్' అన్న మాటకు బలమైన ఆధారం ఈ రిపోర్టే.

ఈ కోడ్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

జబ్బులకు ప్రపంచమంతా ఒకే జాబితా వాడాలన్న ఆలోచన పాతదే. 1893లో ఫ్రాన్స్‌కు చెందిన గణాంకవేత్త జాక్ బెర్టిలాన్ మరణ కారణాల జాబితా తయారుచేశారు. 1948లో ఆరో సవరణతో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ బాధ్యత తీసుకుంది. చావుకు దారితీయని జబ్బులూ అప్పుడే చేరాయి. ఇప్పుడు ఆసుపత్రుల్లో వినిపించే ఐసీడీ-10 అంటే పదో సవరణ. దీన్ని 1990లో ఆమోదించారు. ఐసీడీ-11 కూడా 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే మన ఆరోగ్య బీమా ప్రామాణిక క్లెయిమ్ ఫారంలో గడి పేరు ఐసీడీ-10 అనే ఉంది.

ఐసీడీ-10లో ప్రతి కోడ్ ఒక అక్షరంతో మొదలవుతుంది. ఎముకలు, కీళ్లు, కండరాల జబ్బులకు 'ఎం'. తర్వాతి రెండు అంకెలు జబ్బు కుటుంబాన్ని, చుక్క తర్వాతి అంకె అందులోని రకాన్ని చెబుతాయి.

వాచింది ఒకే చోట, కోడ్లు ఎన్ని?

మోచేయో మోకాలో ఎర్రగా వాచిందని వెళితే, డాక్టరు రాసే మాటను బట్టి కోడ్ ఇలా మారుతుంది:

- ఎం70.2: రాపిడి, ఒత్తిడి వల్ల మోచేతి బర్సైటిస్. మోకాటి చిప్ప ముందు వస్తే ఎం70.4.
- ఎం71.0: బర్సాలో చీముగడ్డ.
- ఎం71.1: ఇతర ఇన్ఫెక్టివ్ బర్సైటిస్.
- ఎం71.2: మోకాలి వెనక వచ్చే బేకర్ సిస్ట్.
- ఎం71.9: బర్సా జబ్బు, వివరం లేదు.
- ఎం10: గౌట్.
- ఎం00: కీలు లోపలే చీము పట్టడం.
- ఎల్03: సెల్యులైటిస్, అంటే చర్మం కింది పొరల్లో ఇన్ఫెక్షన్.
- ఎ18.0: ఎముకలు, కీళ్లకు సంబంధించిన క్షయ. బర్సాకు క్షయ సోకితే ఇక్కడికే వెళుతుంది.

ఎం70, ఎం71 పక్కపక్కనే ఉన్నా ఒకటి కాదు. రాపిడి వల్ల వచ్చిన బర్సైటిస్‌ను ఎం71లో వేయకూడదని ఐసీడీ పుస్తకమే చెబుతుంది. అంటే 'బర్సైటిస్' అని ఊరికే రాస్తే కోడ్ వేసే ఉద్యోగికి దారి తెలియదు. రోగిని ఆయన చూడలేదు. చీము అన్న మాట కాగితం మీద లేకపోతే తనంతట తాను ఊహించి ఇన్ఫెక్షన్ కోడ్ వేయకూడదు కూడా. అలాంటప్పుడు 'వివరం లేదు' అన్న కోడో, మామూలు మోచేతి బర్సైటిస్ కోడో పడుతుంది. పొరపాటు కోడర్‌ది అనిపిస్తుంది గానీ, చాలాసార్లు అది మొదలయ్యేది డాక్టరు రాసిన రెండు మాటల్లోనే.

ఒక్క కోడ్ సరిపోతుందా?

సరిపోదు. ఎం71.1 ఇన్ఫెక్షన్ ఉందని చెబుతుంది. ఏ క్రిమి వల్లో చెప్పదు. కల్చర్‌లో స్టెఫైలోకాకస్ ఆరియస్ వచ్చిందని తేలితే దాని పక్కన బి95.6 అన్న అదనపు కోడ్ వేయాలి. ఆ క్రిమి మెథిసిలిన్‌కు లొంగని రకమైతే దానికీ యు82.1 అని వేరే కోడ్ ఉంది. రోగికి టైప్-2 డయాబెటిస్ ఉంటే అది ఇ11 కింద చేరుతుంది.

ఏ చోట అన్నది చెప్పడానికి ఐదో అంకె ఉంది. మోచేయికి 2, మోకాలికి 6. అలా ఎం71.12 అంటే మోచేతిలో, ఎం71.16 అంటే మోకాలిలో ఇన్ఫెక్టివ్ బర్సైటిస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో ఈ ఐదో అంకె ఐచ్ఛికం. కుడా ఎడమా అన్నది ఇందులో ఉండదు.

హైదరాబాద్‌లో అమెరికా మోచేతులకు కోడ్లు

ఇక్కడో విచిత్రం ఉంది. అమెరికా తన అవసరానికి ఈ జాబితాను పెంచి 'ఐసీడీ-10-సీఎం' అని వాడుకుంటోంది. 2015 అక్టోబర్ 1 నుంచి అక్కడ అదే తప్పనిసరి. అందులో కుడి మోచేయికి ఎం71.121, ఎడమ మోచేయికి ఎం71.122. కుడి మోకాలికి ఎం71.161, ఎడమకు ఎం71.162. ఏ క్రిమి అన్నది అదనపు కోడ్‌తో చెప్పాలన్న సూచన ఆ కోడ్ దగ్గరే అచ్చయి ఉంటుంది. 'అనుమానం', 'కావచ్చు' అని రాసిన జబ్బును ఔట్‌పేషెంట్ బిల్లులో ఖాయమైనట్టు కోడ్ చేయకూడదన్న నిబంధనా ఉంది.

ఈ అమెరికా ఫైళ్లకు కోడ్లు వేసే పనిలో ఎందరో తెలుగువాళ్లున్నారు. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుని, సర్టిఫికెట్ పరీక్ష రాసి, రాత్రి షిఫ్టుల్లో ఇదే పని చేస్తున్నవారు మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉండొచ్చు. టెక్సస్‌లో ఒకరి మోచేతిలో చీము పడితే అది కుడో ఎడమో, ఏ బ్యాక్టీరియానో హైదరాబాద్‌లో కూర్చున్న కోడర్ లెక్క తేలుస్తారు. అదే నగరంలో ఆసుపత్రిలో చేరిన మనిషి కాగితం మీద మాత్రం 'స్వెల్లింగ్, ఎల్బో' అని ఉండిపోవచ్చు. నైపుణ్యం మన దగ్గర లేక కాదు. అక్కడ కోడ్ సరిగా లేకపోతే ఆసుపత్రికి డబ్బు రాదు. ఇక్కడ ఆ తిప్పలు చాలావరకు రోగి నెత్తిన పడతాయి.

మన దగ్గర ఈ కోడ్‌ను ఎవరు చూస్తారు?

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఖరారు చేసిన క్లెయిమ్ ఫారంలో రెండు భాగాలుంటాయి. మొదటిది మీరు నింపేది. రెండోది, 'పార్ట్ బి', ఆసుపత్రి నింపేది. ప్రధాన జబ్బు, అదనపు జబ్బులు, ముందు నుంచీ ఉన్న ఇతర సమస్యలు, వీటికి ఐసీడీ-10 కోడ్లు రాయాల్సిన గడులు ఆ రెండో భాగంలోనే ఉన్నాయి. క్యాష్‌లెస్ కోసం చేరిన రోజే పంపే ముందస్తు అనుమతి ఫారంలోనూ తాత్కాలిక డయాగ్నసిస్ పక్కన ఈ గడి ఉంటుంది. ఈ జబ్బు ఎన్నాళ్లుగా ఉంది, షుగర్, బీపీ వంటివి ఎప్పటి నుంచి అన్న ప్రశ్నలూ అందులోనే ఉంటాయి.

ప్రభుత్వ పథకాల్లో లెక్క కొంచెం వేరు. ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, కేంద్రం ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీల పద్ధతిలో నడుస్తాయి. ఏ చికిత్సకు ఎంత అన్నది ముందే ఖరారై ఉంటుంది. అయినా ఎంచుకున్న ప్యాకేజీకి డయాగ్నసిస్, రిపోర్టులు సరిపోలాలి. కాగితంలో జబ్బు పేరు స్పష్టంగా ఉండాల్సిన అవసరం అక్కడా ఉంది.

మాట తేడా వస్తే నష్టమేంటి?

మూడు చోట్ల చిక్కు రావచ్చు.

ఒకటి, వెయిటింగ్ పీరియడ్. చాలా పాలసీల్లో కొన్ని జబ్బులకు మొదటి రెండేళ్లు కవరేజీ ఉండదు. అన్ని కంపెనీలూ అమ్మే ప్రామాణిక పాలసీ 'ఆరోగ్య సంజీవని'నే చూడండి. అందులో 24 నెలల జాబితాలో గౌట్, రుమాటిజం, 'ఇన్ఫెక్షన్ వల్ల రాని' ఆర్థరైటిస్, అన్ని రకాల సిస్టులు ఉన్నాయి. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చిందా, రాలేదా అన్న ఒక్క మాట మీద కవరేజీ ఆధారపడుతోందని గమనించండి. చీము పట్టిన బర్సాను 'సిస్ట్' అనో, ఉత్త 'కీళ్ల వాపు' అనో రాస్తే, నిజానికి ఆ జాబితాలో లేని జబ్బు చూసేవారికి అందులోదే అనిపించవచ్చు. పాలసీ తీసుకున్న మొదటి 30 రోజుల్లో మాత్రం ప్రమాదాలకు తప్ప ఏ జబ్బుకూ కవరేజీ ఉండదు. అది కోడ్‌తో మారేది కాదు.

రెండు, ఆసుపత్రిలో చేరడం అవసరమా అన్న ప్రశ్న. రాపిడి వాపుకు ఐవీ మందులు అక్కర్లేదు. కోడ్ అది, బిల్లు ఇది అయితే కంపెనీ నుంచి 'క్వెరీ' వస్తుంది. ఆసుపత్రి జవాబిచ్చే వరకు ఫైలు ఆగుతుంది.

మూడు, ఎన్నాళ్లుగా ఉంది అన్న గడి. మూడు రోజుల కిందట మొదలైన వాపు పక్కన ఎవరో అలవాటుగా 'క్రానిక్' అని రాస్తే, ఇది పాలసీకి ముందే ఉన్న జబ్బేమో అన్న అనుమానం వస్తుంది. 2024లో మారిన నిబంధనల ప్రకారం ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా మూడేళ్లు. అంత కాలం ఆగాల్సిన జబ్బుగా మీది పొరపాటున మారిపోకూడదు.

డిశ్చార్జికి ముందు ఏం చూసుకోవాలి?

కోడ్లు కంఠస్థం చేయక్కర్లేదు. డిశ్చార్జి సమ్మరీలో ఈ ఐదు విషయాలు మాటల్లో ఉన్నాయో లేదో చూడండి.

1. జబ్బు పేరు పూర్తిగా ఉందా? ఇన్ఫెక్షన్ అని డాక్టరు తేల్చి ఉంటే 'ఇన్ఫెక్టివ్' లేదా 'సెప్టిక్' అన్న మాట ఉండాలి.
2. ఏ అవయవం, కుడా ఎడమా అన్నది ఉందా? క్లెయిమ్ ఫారంలో, స్కాన్ రిపోర్టులో అదే వైపు ఉందా?
3. ఎలా మొదలైంది, ఎన్ని రోజులైంది అన్నది సరిగా ఉందా? కింద పడి గీరుకుపోయి ఉంటే ఆ సంగతి రాశారా?
4. ఏం తీశారు, ఏం ఇచ్చారు? సూదితో తీశారా, కోసి చీము తీశారా, ఏ యాంటీబయాటిక్ ఎన్ని రోజులు?
5. ల్యాబ్ రిపోర్టులో ఏముంది?

ఐదోది జాగ్రత్తగా చూడండి. కల్చర్ రిపోర్టు రావడానికి సాధారణంగా రెండు మూడు రోజులు పడుతుంది. ఆలోపే మిమ్మల్ని ఇంటికి పంపేయొచ్చు. అలాంటప్పుడు 'కల్చర్ రిపోర్టు రావాలి' అని సమ్మరీలో రాయమనండి. రిపోర్టు వచ్చాక దాన్ని తీసుకోండి. అందులో క్రిమి పేరు ఉంటే, తేదీ, సంతకంతో సమ్మరీకి అనుబంధం రాసివ్వమని డాక్టరును అడగండి. యాంటీబయాటిక్ ముందే మొదలుపెడితే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. అంతమాత్రాన ఇన్ఫెక్షన్ లేదని కాదు. కాబట్టి చేరకముందు ఎక్కడైనా యాంటీబయాటిక్ మాత్రలు వాడి ఉంటే ఆ సంగతీ డాక్టరుకు చెప్పి, సమ్మరీలో చేర్పించండి.

తప్పు కనిపిస్తే బిల్లింగ్ కౌంటర్లో వాదించి లాభం లేదు. డయాగ్నసిస్ మార్చే అధికారం చికిత్స చేసిన డాక్టరుదే. ఆయన మాట సరిచేస్తే మెడికల్ రికార్డ్స్ విభాగం కోడ్ సరిచేస్తుంది. పాత కాగితం మీద కొట్టివేతలు వద్దు. సంతకంతో కొత్తది తీసుకోండి.

అడగకూడనిది ఒకటుంది

'క్లెయిమ్ వచ్చే కోడ్ వేయండి సార్' అని మాత్రం అడగొద్దు. ద్రవంలో ఇన్ఫెక్షన్ ఆనవాళ్లు లేవు, గౌట్ స్ఫటికాలున్నాయి అని ల్యాబ్ చెబితే మీది గౌటే. దాన్ని ఎం71.1గా మార్చమనడం తప్పుడు సమాచారం ఇవ్వడమే. క్లెయిమ్ పోవడమే కాదు, పాలసీకే ముప్పు రావచ్చు. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకోటి. రేపు మరో డాక్టరు ఆ కాగితం నమ్మి మీకు అక్కర్లేని యాంటీబయాటిక్ రాయొచ్చు, కావాల్సిన గౌట్ మందు మానేయొచ్చు. మీరు అడగాల్సింది ఒక్కటే: జరిగింది జరిగినట్టు పూర్తిగా రాయమని.

క్లెయిమ్ తిరస్కరిస్తే?

ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థనపై కంపెనీ గంటలోగా నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జి సమయంలో తుది అనుమతి మూడు గంటల్లోగా ఇవ్వాలి. కంపెనీలోని సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా క్లెయిమ్ తిరస్కరించకూడదు. తిరస్కరిస్తే పాలసీలోని ఏ షరతు కింద అన్నది మీకు రాతపూర్వకంగా చెప్పాలి.

ఆ లేఖ రాగానే ముందు షరతు చదవండి. తర్వాత ఆసుపత్రి ఏ కోడ్ పంపిందో చూడండి. రెండింటికీ సంబంధం కనిపిస్తే సమస్య అక్కడే ఉంది. ఆసుపత్రి నుంచి రికార్డులు అడగండి. ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్లు భద్రపరచాలని, రోగి అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని వైద్యుల వృత్తి నియమావళి, అంటే 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నాయి. అభ్యర్థన రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

సరిచేసిన సమ్మరీ, ల్యాబ్ రిపోర్టు, డాక్టరు వివరణ జతచేసి మొదట కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పంపండి. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. తెలుగు రాష్ట్రాలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ తుది జవాబు ఇచ్చిన ఏడాదిలోగా వెళ్లాలి. ఐఆర్‌డీఏఐ 'బీమా భరోసా' పోర్టల్‌లో, 155255 నంబరులో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

ఇది మీ ఒక్కరి సంగతే కాదు

ఆసుపత్రుల నుంచి వెళ్లే ఈ కోడ్లే కలిసి జిల్లా లెక్క, రాష్ట్రం లెక్క అవుతాయి. కేంద్ర ఆరోగ్య శాఖ కింద ఉన్న సెంట్రల్ బ్యూరో ఆఫ్ హెల్త్ ఇంటెలిజెన్స్ ఐసీడీ-10పై శిక్షణ ఇచ్చేది ఇందుకే. మందులకు లొంగని బ్యాక్టీరియా ఎక్కడ పెరుగుతోంది, టైల్స్ పనివాళ్లలో మోకాలి ఇన్ఫెక్షన్లు ఎన్ని అన్న ప్రశ్నలకు జవాబు ఎక్కడో ల్యాబ్‌లో ఉంటుంది. అది కోడ్‌గా మారకపోతే లెక్కలోకి రాదు. అందరి కాగితం మీదా 'వివరం లేదు' అనే ఉంటే, ఏ ఆసుపత్రికి ఏ యాంటీబయాటిక్ ఎంత పంపాలో ఆరోగ్య శాఖకు తెలిసే దారి ఒకటి మూసుకుపోయినట్టే.

డిశ్చార్జి రోజు బిల్లు మొత్తాన్ని రెండుసార్లు లెక్క చూసుకుంటాం. ఆ పక్కనే ఉన్న డయాగ్నసిస్ గడి చదవడానికి ఒక్క నిమిషం చాలు. అర్థం కాని మాట ఉంటే సంతకం పెట్టకముందే డాక్టరును అడగండి. అది మీ జబ్బు పేరు. అది తెలుసుకునే హక్కు మీది.